అరవైయో వంతు

మెల్‌బోర్న్‌లో బలక్లావా స్టేషన్ దాటాక
రెండో సందు మా నర్సింగ్ హోమ్.
ట్రామ్ వెళ్ళినప్పుడల్లా
పదకొండో గది కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది.
ఆ గదిలో ఫైవెల్ రూబిన్‌లిఖ్ట్.
ఎనభై తొమ్మిదేళ్ళు. కోట్లు కుట్టిన చేతులు.
ఎముకల్లోకి దిగిన జబ్బు.

రోజుకి మూడుసార్లు అడుగుతాను,
పదిలో ఎంత నొప్పి అని.
ఏడు అంటాడు. రాసుకుంటాను.
ముప్ఫై గదులు, ముప్ఫై సార్లు అదే నవ్వు.
మధ్యాహ్నానికి నా దవడలు లాగుతాయి.

ఒక సోమవారం ఆయనే అన్నాడు:
"మా పెద్దలదో లెక్కుంది, వింటావా?
జబ్బుమనిషిని చూడ్డానికొచ్చిన ప్రతివాడూ
నొప్పిలో అరవైయో వంతు పట్టుకుపోతాడట."
అయితే అరవైమందిని పోగుచేస్తే సరి, అన్నాను.
"అక్కడే ఉంది మెలిక."
దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాడు:
"వచ్చినవాడికి తన ప్రాణం ఎంత తీపో
మంచం మీదివాడి ప్రాణమూ అంతే తీపి కావాలి.
లేకపోతే పండ్లబుట్ట పెట్టి పోతాడు.
నొప్పి ఇక్కడే ఉంటుంది."
కిటికీ గట్టు చూపించాడు. ఆరు బుట్టలు.
ద్రాక్షలు ముడతలు పడుతున్నాయి.

గురువారం, టీ బండి వెళ్ళాక,
వరండాలో ఒక ముసలాయన
టోపీ తీయకుండా, గోడకి ఆనుకోకుండా నిలబడి ఉన్నాడు.
జుండెల్ వాక్స్‌మన్.
లోపలికి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపాడు.
"ముందు అడిగి రా అమ్మా.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మాకు మాటల్లేవు.
కార్లైల్ స్ట్రీట్‌లో ఒకే కొట్టు, రెండు కత్తెరలు,
ఒక లెక్కల పుస్తకం. తప్పు నాది.
వాడికి తెలుసు, నాకూ తెలుసు.
పగవాడు పరామర్శకొస్తే
చూసి సంతోషించడానికొచ్చాడనుకుంటాడు రోగి.
నా పుణ్యానికి వాడి మనసు ఖర్చు పెట్టకూడదు."

వెళ్ళి అడిగాను.
ఫైవెల్ చాలాసేపు పైకప్పు చూశాడు.
"వాడొస్తే అరవైయో వంతు పెరుగుతుందని చెప్పు."
ఉన్నదున్నట్టు చెప్పేశాను.
చెప్పకూడదేమో, ఇప్పటికీ తెలీదు.
జుండెల్ సరేనని లిఫ్ట్ ఎక్కాడు.

మళ్ళీ గురువారం అదే చోట, అదే ప్రశ్న.
ఆ పై గురువారం వాన.
గొడుగు నీళ్ళు నేలమీద మడుగు కడితే
ఎవరైనా జారతారని
తన రుమాలుతో తనే తుడిచాడు.
నాలుగోసారి నేనింకా నోరు తెరవకముందే
లోపల్నుంచి వినిపించింది:
"నిలబడి నిలబడి వాడి మోకాళ్ళు పోతాయి, రమ్మను."

దుప్పటి సర్దే వంకతో నేనూ వెళ్ళాను.
ఒక క్షమాపణ విందామని ఆశ, ఒప్పుకుంటాను.
ఏమీ లేదు.
జుండెల్ పొట్టి కుర్చీ లాక్కున్నాడు,
తన తల ఆయన తలకంటే ఎత్తులో ఉండకుండా.
కాసేపు చూశాడు.
ఎలా ఉన్నావని అడగలేదు.
లేచి, దిండు తీసి
ఎడమ భుజం కిందికి, కొంచెం ఏటవాలుగా జరిపాడు.

ఇస్త్రీపెట్టె మోసిన భుజం అది.
ఇరవై ఏళ్ళు పక్కన నిలబడ్డవాడికి తెలుసు
ఎక్కడ సలుపుతుందో.
నా కాగితంలో ఏడు అని మాత్రమే ఉంది.

ఫైవెల్ కళ్ళు మూసుకున్నాడు.
"ఇంకాస్త కిందికి."
ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటి మాట.
రెండో మాట: "పోయేటప్పుడు ఒక బుట్ట పట్టుకుపో."
పట్టుకుపోయాడు జుండెల్,
ద్రాక్షలు పాడయ్యాయని లిఫ్ట్ దాకా గొణుగుతూ.

సాయంత్రం అడిగాను, పదిలో ఎంత?
"ఏడే. అబద్ధం రాయకు."
ఏడే రాశాను.

పరామర్శ అనే మాటకి
తాకడం అని కూడా అర్థం ఉందని
ఎప్పుడో చిన్నప్పుడు పంతులుగారు చెప్పారు.
అప్పట్లో అది పరీక్షలో రెండు మార్కులు.

పన్నెండో గది ముందు ఆగాను.
నవ్వు తగిలించుకోబోయి మానేసి,
పొట్టి కుర్చీ ఎక్కడుందా అని
వెనక్కి వెళ్ళాను.